చక్కెర పాఠంలో చెరుకు కొట్టేవాళ్లు ఏరి?

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో మూడు నుంచి పదో తరగతి వరకు పిల్లలకు బడి టీవీలోకి వచ్చింది. కరోనాతో తరగతి గదులు మూసి ఉండటంతో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు వేశారు. టీవీ లేని ఇళ్ల సంగతేమిటి, కరెంటు పోతే ఎట్లా అని అప్పుడు చర్చ జరిగింది. జరగాల్సిందే. ఆ పాఠంలో ఎవరి ఇల్లు కనపడాలో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది.

పిల్లల టీవీ కార్యక్రమాలకు విద్యా సలహాదారులు ఉంటారు. తెర మీద కనపడరు. ఈ ఎపిసోడ్ చూసిన పిల్లకు ఏం రావాలో ముందే రాసిపెట్టడం, స్క్రిప్టు చదివి మార్పులు చెప్పడం, తీసిన ముక్కను పిల్లలకు చూపించి పరీక్షించడం వాళ్ల పని. ఈ పద్ధతి గట్టిగా నిలబడింది 1969లో అమెరికాలో మొదలైన 'సెసమీ స్ట్రీట్'తో. అక్కడ పరిశోధన చూసిన ఎడ్వర్డ్ పామర్, టీవీ పక్కనే ఒక స్లైడ్ ప్రొజెక్టర్ పెట్టి కొన్ని సెకన్లకో బొమ్మ మార్చేవాడు. పిల్లల చూపు టీవీ వదిలి బొమ్మ మీదికి పోయిందంటే ఆ ముక్క పనికిరానట్టే.

మాకు అంతకంటే ముఖ్యంగా తోచేది చెస్టర్ పియర్స్. హార్వర్డ్‌లో పనిచేసిన నల్లజాతి మానసిక వైద్యుడు. రోజువారీ చిన్నచిన్న అవమానాలకు 'మైక్రోఅగ్రెషన్' అని పేరు పెట్టింది ఆయనే. ఆ కార్యక్రమానికి ఆయన కూడా సలహాదారు. జాతివివక్ష మీద ఉపన్యాసాలేమీ లేకుండా, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వీధిలో ఇరుగుపొరుగుగా బతకడం చూపించారు. అంతమాత్రానికే 1970లో మిసిసిపీ రాష్ట్ర విద్యా టీవీ కమిషన్ దాన్ని ఆపేసింది. దేశమంతా గోల అయ్యాక 22 రోజులకు వెనక్కి తగ్గింది.

ఇదే చూపుతో మన జిల్లాకు వద్దాం. బోధన్ పిల్లల కోసం 'చక్కెర ఎట్లా తయారవుతుంది' అని ఒక పాఠం తీస్తున్నారనుకుందాం. నిజాం కాలంలో కట్టిన ఫ్యాక్టరీ, దాని చుట్టూ షక్కర్‌నగర్, 2015 డిసెంబరులో పడిన తాళం. చెప్పడానికి చాలా ఉంది. మామూలుగా వచ్చే స్క్రిప్టులో రైతు, లారీ, మిషన్లు, చివరికి తెల్లటి చక్కెర. గడ కొట్టే చేతులుండవు. సలహాదారు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. రైతుకూ లారీకీ మధ్య ఎవరున్నారు? ఆ కూలీల పిల్లలు కోతల కాలంలో ఏ బడిలో ఉంటారు?

రెండో ప్రశ్న కొంచెం చిక్కైనది. దళిత పిల్లను చూపించారు సరే, ఏ పాఠంలో? చేతులు కడుక్కోమని చెప్పే పాఠంలో మురికిగా ఉన్న పిల్లగా, చదువు విలువ చెప్పే పాఠంలో తాగుబోతు తండ్రి బిడ్డగా వస్తే, అసలు రాకపోవడమే నయం. ఆ పిల్ల టెలిస్కోప్ పట్టుకోవాలి, లెక్క తప్పు పట్టాలి, ఊరికే నవ్వాలి కూడా.

భాష సంగతీ ఉంది. ఈ ప్రాంతంలో పిల్లలు తెలుగు, ఉర్దూ, మరాఠీ వింటూ పెరుగుతారు. నవ్వించే పాత్రకే ఇక్కడి యాస పెట్టి, తెలివైన పాత్రకు పుస్తక భాష ఇస్తే ఎవరి మాట తక్కువో ఐదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. డబ్బా బువ్వలో ఏ కూర ఉందన్నదీ అంతే. పెద్దకూర తినే ఇళ్లున్నాయని మన పిల్లల కార్యక్రమాలకు ఇంకా తెలియదు.

ఇవన్నీ పట్టుకోవడానికి పీహెచ్‌డీ ఒక్కటే సరిపోదు (మా సొంత డిగ్రీ మీద మాకేం కోపం లేదు). ట్రయల్ ఎక్కడ వేస్తున్నారో చూడాలి. నిజామాబాద్ టౌన్‌లో ఒక ప్రైవేటు స్కూలు హాల్లో వేసి 'పిల్లలకు నచ్చింది' అని రాసుకోవడం తేలిక. అదే ముక్కను ఎడపల్లిలోనో రెంజల్‌లోనో దళితవాడ పిల్లలకు, బీడీలు చుట్టే తల్లుల పక్కన కూర్చోబెట్టి చూపించాలి. స్క్రిప్టు ఖరారయ్యాక కాదు, ఇంకా కొట్టివేతలకు చోటున్నప్పుడే. చూసి చెప్పిన తల్లులకు ఆ రోజు కూలి కట్టివ్వాలి, టైటిల్స్‌లో సలహాదారులని వాళ్ల పేర్లు వేయాలి.