ఫోన్ తిప్పితే గురి కుదురుతుందా? పిల్లలు అడిగే 'జైరో' వెనుక అసలు సంగతి

హైదరాబాద్: "అమ్మీ, ఈ ఫోన్‌లో జైరో లేదు. కొత్తది కావాలి." పబ్‌జీ తరహా గేమ్‌లు ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ డిమాండ్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల టీ కొట్ల దగ్గర, నారాయణగూడ కాలేజీల బయట ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ వంచుతూ ఆడే కుర్రాళ్లు చేసేది అదే. వేలితో కాకుండా ఫోన్‌ను కదిపి గురి పెడుతున్నారు. ఇది నిజంగా పనిచేసేదేనా, లేక కొత్త ఫోన్ కోసం సాకా? రెండింటికీ ఆస్కారం ఉంది. డబ్బులు తీసే ముందు పెద్దవాళ్లు ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే మంచిది.

మన దగ్గర ఎక్కువగా ఆడే బీజీఎంఐలో మామూలుగా ఆటగాడి వెనుక నుంచి చూస్తున్నట్టు కనిపిస్తుంది. ఫస్ట్ పర్సన్ మోడ్ పెట్టుకున్నా, స్కోప్ తెరిచినా తుపాకీ మన కళ్ల ముందే ఉన్నట్టు ఉంటుంది. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ అయితే ప్రధానంగా ఫస్ట్ పర్సన్ గేమే. ఈ రెండింటి సెట్టింగ్స్‌లోనూ జైరోస్కోప్ ఆప్షన్ ఉంది.

రెండు బొటనవేళ్ల తంటా

ఫోన్‌లో షూటింగ్ గేమ్ ఆడేటప్పుడు ఎడమ బొటనవేలు నడిపిస్తుంది. కుడి బొటనవేలు చూపు తిప్పాలి, గురి పెట్టాలి, కాల్చాలి. కాల్చేకొద్దీ తుపాకీ పైకి లేస్తుంది కాబట్టి దాన్ని కిందికి లాగుతూ ఉండాలి. ఇన్ని పనులు ఒక్క వేలికే పడితే ఎలా? పైగా ఆ వేలే స్క్రీన్‌ను కొంత కప్పేస్తుంది.

జైరో ఆన్ చేస్తే గురిని సరిచేసే పని మణికట్టుకు వెళ్తుంది. ఫోన్‌ను కొద్దిగా కిందికి వంచితే తుపాకీ కిందికి దిగుతుంది, పక్కకు తిప్పితే పక్కకు జరుగుతుంది. బొటనవేలు కాల్చడం చూసుకుంటే చాలు.

టీవీ ముందు ఎందుకు తేలిపోయింది?

చేతి కదలికతో గురి పెట్టాలన్న ఆలోచన ఫోన్లతో మొదలైంది కాదు. 2006లో నింటెండో 'వీ' అనే గేమ్ మెషీన్ తెచ్చింది. రిమోట్‌ను టీవీ వైపు చూపిస్తే గురి అక్కడికి వెళ్తుంది. దాంతోపాటే వచ్చిన 'రెడ్ స్టీల్' అనే షూటింగ్ గేమ్ మీద అందరూ ఆశలు పెట్టుకున్నారు. కానీ కంట్రోల్స్ మీదే విమర్శలు వచ్చాయి.

ఇబ్బంది ఎక్కడంటే, గురి పెట్టడం, ఒంటిని తిప్పడం ఈ ఆటలో రెండు వేర్వేరు పనులు. వెనుక శత్రువు ఉంటే పూర్తిగా వెనక్కి తిరగాలి. రిమోట్‌తో తిరగాలంటే గురిని టీవీ అంచుదాకా తీసుకెళ్లి అక్కడే ఆపి ఉంచాలి. తిరిగాక మళ్లీ మధ్యకు తేవాలి. ఈలోగా చెయ్యి వణుకుతుంది, నొప్పి పుడుతుంది. 2007లో వచ్చిన 'మెట్రాయిడ్ ప్రైమ్ 3' ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించి మెప్పు పొందింది. అయినా షూటింగ్ గేమ్‌లు ఆడేవాళ్లలో ఎక్కువమంది మామూలు కంట్రోలర్‌ను వదల్లేదు.

2010లో మైక్రోసాఫ్ట్ 'కినెక్ట్' తెచ్చింది. చేతిలో ఏమీ ఉండదు, కెమెరా మన ఒంటిని చూస్తుంది. డ్యాన్స్ గేమ్‌లకు బాగానే ఉంది. షూటింగ్‌కు మాత్రం నప్పలేదు. బటన్ లేకుండా కాల్చేదెలా, గదిలో నిలబడి ముందుకు నడిచేదెలా? చెయ్యి కదిపాక బొమ్మ కదలడానికి కాస్త ఆలస్యం కూడా. ఈ ఆటల్లో ఆ కాస్త ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

పని పంచుకుంటేనే కుదిరింది

2015లో నింటెండో 'స్ప్లాటూన్' దారి చూపించింది. రంగులు చిమ్ముకునే షూటింగ్ ఆట అది. పెద్ద మలుపులకు స్టిక్, చిన్న సవరణలకు చేతి కదలిక. ఫోన్‌లో జరుగుతున్నదీ ఇదే. వెనక్కి తిరగాలంటే బొటనవేలితో లాగుతారు, గురిని వెంట్రుకవాసి సరిచేయాలంటే ఫోన్‌ను వంచుతారు. ఫోన్‌కు ఇంకో వీలు కూడా ఉంది. స్క్రీన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి ఎక్కడో ఉన్న టీవీకి గురిపెట్టే పని లేదు.

అంటే కదలికతో షూటింగ్ గేమ్ ఆడొచ్చా అన్న ప్రశ్నకు జవాబు: ఆడొచ్చు, కానీ వేలికి బదులుగా కాదు, వేలికి తోడుగా.

అన్ని ఫోన్లలో ఉండదు

ఫోన్‌ను అడ్డం తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది కదా, అంటే జైరో ఉన్నట్టేగా అని చాలామంది అనుకుంటారు. కాదు. అది యాక్సిలరోమీటర్ పని. భూమి ఏ వైపు లాగుతోందో అది చెబుతుంది. ఫోన్‌ను వంచి నడిపే కార్ రేసింగ్ గేమ్‌లకు అది చాలు. కానీ ఫోన్‌ను నిటారుగా పట్టుకుని కుడికి ఎడమకు తిరిగితే దానికి తెలియదు. ఎటు తిరిగినా భూమి లాగే దిక్కు మారదు కాబట్టి.

జైరోస్కోప్ వేరే సెన్సర్. చిప్‌లో కంటికి కనబడనంత చిన్న భాగం ఒకటి ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది. ఫోన్ తిరిగితే ఆ కంపనం పక్కకు జరుగుతుంది. దాన్నిబట్టి ఎంత వేగంగా తిరిగిందో లెక్క కడుతుంది. 2010లో ఐఫోన్ 4తో ఇది ఫోన్లలో పేరు తెచ్చుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని చవక ఫోన్లలో కంపెనీలు దీన్ని పెట్టవు. కొన్నిట్లో 'వర్చువల్ జైరో' అని ఉంటుంది. అది యాక్సిలరోమీటర్, దిక్సూచి లెక్కలను కలిపి అంచనా వేసేది. షూటింగ్‌కు ఆ అంచనా ఆలస్యంగా, కుదుపులతో వస్తుంది.

కొనే ముందు చూసుకోవాల్సినవి

మొదట ఇంట్లో ఉన్న ఫోన్‌నే చూడండి. స్పెసిఫికేషన్స్‌లో సెన్సర్ల వరుసలో 'జైరోస్కోప్' అని విడిగా రాసి ఉండాలి. షాపులో అయితే యూట్యూబ్‌లో 360 డిగ్రీల వీడియో పెట్టి, ఫోన్ పట్టుకుని మెల్లగా చుట్టూ తిరగండి. దృశ్యం మీతోపాటు నున్నగా తిరిగితే సరే. ఆగి ఆగి దూకుతుంటే అనుమానించాలి.

జైరో ఉంటే వెంటనే 'ఆల్వేస్ ఆన్' పెట్టక్కర్లేదు. 'స్కోప్ ఆన్' పెడితే గురి చూసేటప్పుడే పనిచేస్తుంది. సెన్సిటివిటీ తక్కువతో ట్రైనింగ్ గ్రౌండ్‌లో మొదలుపెట్టాలి. తొలిరోజుల్లో ఆట పాడవుతుంది, చేతికి అలవాటయ్యాకే లాభం తెలుస్తుంది.

ప్రయాణంలో జైరోను నమ్ముకోవద్దు. నారాయణగూడ చౌరస్తాలో బస్సు మలుపు తిరిగితే ఫోన్ కూడా తిరిగినట్టే లెక్క. మీరు చెయ్యి కదపకపోయినా గురి జరిగిపోతుంది. చిక్కడపల్లి మీదుగా వెళ్లే మెట్రోలో వంపు వచ్చినా అంతే.

ప్రాసెసర్ బలహీనంగా ఉండి ఆట ఆగి ఆగి నడుస్తుంటే, జైరో ఎంత మంచిదైనా బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. అలాంటప్పుడు పిల్లాడు 'జైరో బాలేదు' అంటే తప్పు సెన్సర్‌ది కాకపోవచ్చు. గ్రాఫిక్స్ తగ్గించి చూడమనండి.

సమయం లెక్క కూడా ఉంది. 2023 మేలో బీజీఎంఐ మళ్లీ అనుమతి పొంది వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలు, మిగతావారికి 6 గంటలు అని పరిమితి పెట్టారు. పెద్దవాళ్ల వివరాలతో ఆడితే పిల్లలకు ఆ 3 గంటల హద్దు వర్తించదు. కాబట్టి ఆట ఎవరి పేరున నడుస్తోందో ఒకసారి చూసుకోవాలి.

ఇంట్లో ఫోన్‌కు జైరో ఉంటే ముందు రెండు వారాలు దానిమీదే ప్రయత్నించమని చెప్పండి. లేకపోతే, ఎలాగూ ఫోన్ మార్చే సమయం వచ్చినప్పుడు ఆ సెన్సర్ ఉన్నది చూసి తీసుకుంటే సరిపోతుంది. ఒక్క గురి కోసం బాగా నడుస్తున్న ఫోన్‌ను పక్కన పెట్టి ఈఎంఐ మొదలుపెట్టాల్సిన పనిలేదు.