గుండె ఆపరేషన్‌ అయింది.. ఇక జాగ్రత్త ఇంటివారిదే

శ్రీకాకుళం: గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డకు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో శస్త్రచికిత్స చేయించి తల్లిదండ్రులు ఊరు చేరేసరికి ఇల్లంతా చుట్టాలతో నిండిపోతుంది. నాయనమ్మ ఆత్రంగా ఎదురొచ్చి, మనవడి చంకల కింద చేతులు వేసి ఎత్తుకుంటుంది. సరిగ్గా ఆ పనే చేయరాదని ఆసుపత్రిలో తల్లికి చెప్పి పంపుతారు. నాయనమ్మకు చెప్పినవారెవరూ ఉండరు.

2007 ఏప్రిల్‌ 1న ఆరోగ్యశ్రీ మొట్టమొదట ప్రారంభమైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్‌ వైద్య సేవగా పేరు మారిన ఈ పథకం వల్ల కూలి కుటుంబాల పిల్లలకు సైతం ఖరీదైన శస్త్రచికిత్సలు అందుతున్నాయి. అయితే ఆసుపత్రి గడప దాటిన తర్వాత తొలి రెండు నెలల భారం ఇంటివారిదే.

ఎముక అతికేదాకా..
గుండెను చేరుకునేందుకు రొమ్ము మధ్య ఎముకను నిలువుగా కోసి, పని ముగిశాక ఉక్కు తీగలతోనో గట్టి దారంతోనో బిగిస్తారు. పై చర్మం రెండు మూడు వారాల్లో మానినట్లు కనిపిస్తుంది. లోపలి ఎముక అతకడానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా చంకల కింద పట్టి ఎత్తినా, చేతులు పట్టి లాగినా ఆ బరువు అతుకు మీదే పడుతుంది. ఒక చేయి మెడ, భుజాల వెనుక, మరొక చేయి పిరుదుల కింద ఉంచి ఎత్తాలి. పెద్ద పిల్లలను వీపుకు ఆసరా ఇచ్చి లేపాలి. మోటారుసైకిల్‌ ట్యాంకు మీద కూర్చోబెట్టడం, సైకిల్‌ తొక్కనివ్వడం అసలే కూడదు. తొడ రక్తనాళం గుండా రంధ్రం మూసిన పిల్లలకు ఎముక కోత ఉండదు కనుక వారి నియమాలు వేరు.

పసుపు, నూనె వద్దు
గాయానికి పసుపు అద్దడం, నూనె రాయడం, పౌడరు చల్లడం మన ఇళ్లలో మామూలే. ఇక్కడ అవి చేటు చేస్తాయి. గాయాన్ని శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు. వైద్యుడు అనుమతించే వరకు చెరువు స్నానం, తొట్టి స్నానం మానాలి.

మందుల విషయంలో జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఒంట్లో నీరు తగ్గించే మందు వేస్తే బిడ్డ మాటిమాటికీ మూత్రం పోస్తాడు. నీరసపడిపోతున్నాడని తల్లి తనంతట తానే ఆపేస్తుంది. అలా ఆపితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం వెంటనే వైద్యుడికి తెలపాలి. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతలో ఉండవు. సిరప్‌ను సూది లేని సిరంజితో కొలిచి పోయడమే క్షేమం.

వీటిని ఉపేక్షించరాదు
100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం, గాయం ఎర్రబడి చీము కారడం, రొమ్ము ఎముక కదిలినట్లు 'టక్‌'మని శబ్దం రావడం, పాలు తాగలేక చెమటలు పట్టడం, కళ్ల చుట్టూ వాపు.. వీటిలో ఏది కనిపించినా శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి ఫోన్‌ చేయాలి. ఊపిరి ఎగబీలుస్తున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా 108కి ఫోన్‌ చేయడంలో జాప్యం తగదు. ఊళ్లో ఆర్‌ఎంపీతో జ్వరానికి ఇంజక్షన్‌ వేయించి రెండు రోజులు చూద్దామనుకోవడమే చాలా ఇళ్లలో జరిగే తప్పు. గుండె పొరల్లో వాపు వచ్చినా, గాయం లోపల చీము పట్టినా మొదట కనిపించేది జ్వరమే. ఏ వైద్యుడి వద్దకు వెళ్లినా డిశ్చార్జి కాగితం చూపాలి. టీకాలు వేయించే ముందు, పళ్ల చికిత్సకు ముందు కూడా ఇది తప్పనిసరి.

ఇంటికి వచ్చాక కొందరు పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తారు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతారు. గదమాయించకుండా దగ్గర పడుకోబెట్టుకుంటే చాలామందిలో కొద్ది వారాల్లో తగ్గుతుంది. వైద్యుడు సరేనన్నాక బడికి పంపవచ్చు. అయితే ఎముక అతికేదాకా పుస్తకాల సంచి అన్నో, అక్కో మోయాలి.