పీసీబీ ప్యానెలైజేషన్ అంటే ఏంటి? మీ బోర్డు ఆయుష్షు కోత గీత దగ్గరే తేలిపోతుంది

ఫోన్ రివ్యూ అంటే ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ, చార్జింగ్ స్పీడ్. వీటన్నిటినీ మోసే మదర్‌బోర్డు గురించి ఎవరూ అడగరు. ఆ బోర్డు ఫ్యాక్టరీలో ఒంటరిగా పుట్టదు. నాలుగో, ఆరో, ఇరవయ్యో బోర్డులు ఒకే షీటు మీద అతుక్కుని పుడతాయి, పార్ట్స్ అన్నీ ఎక్కాక విడిపోతాయి. ఆ షీటే ప్యానెల్. ఏ బోర్డు ఎక్కడ ఉండాలి, ఎలా విడిపోవాలి అని ముందే డిజైన్ చేయడం ప్యానెలైజేషన్.

ఇప్పుడు దీని గురించి ఎందుకంటే, ఈ పని మన దగ్గరికే వస్తోంది. 2015 ఆగస్టు 10న షావోమి విశాఖపట్నంలో రెడ్‌మి 2 ప్రైమ్ లాంచ్ చేసింది గుర్తుందా? ఆ ఫోన్ తయారైంది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో. 2018 ఏప్రిల్‌లో అదే షావోమి శ్రీపెరంబుదూర్‌లో, బోర్డు మీద పార్ట్స్ ఎక్కించే ఎస్ఎంటీ ప్లాంటు ప్రకటించింది. 2025లో సిర్మా ఎస్‌జీఎస్ కంపెనీ ఇంకో మెట్టు కిందికి దిగి, ఉత్త పీసీబీనే తయారు చేసే ప్లాంటును రూ.1,595 కోట్లతో నాయుడుపేటలో పెడతామంది. 2022 దాకా నాయుడుపేట నెల్లూరు జిల్లానే. అంటే అనంతసాగరంలోనో, ఆత్మకూరులోనో డిప్లొమా చదివే కుర్రాడికి ఇదేమీ చైనా ముచ్చట కాదు, సొంత జిల్లా పక్కన దొరికే ఉద్యోగం.

సరే, అసలు ప్యానెల్ ఎందుకు? సోల్డర్ పేస్ట్ ప్రింటర్, పిక్ అండ్ ప్లేస్ మెషీన్, రీఫ్లో ఓవెన్ వరుసగా ఉంటాయి, మధ్యలో కన్వేయర్. ఆ కన్వేయర్ బోర్డును రెండు అంచుల దగ్గర పట్టుకుని నడిపిస్తుంది. అగ్గిపెట్టెంత బోర్డు దానికి చిక్కదు. చిక్కినా, ఒక్కో బోర్డుకీ పేస్ట్ పూయడం, లోపలికి తీసుకోవడం, అలైన్ చేయడం, బయటికి పంపడం అంటే అసలు పనికన్నా రాకపోకలకే టైమ్ పోతుంది. ఆరు బోర్డులు ఒకే షీటులో వెళ్తే ఆ రాకపోకలు ఒక్కసారే.

విడగొట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది వీ-కట్. మైసూర్‌పాక్ పళ్లెంలో గాట్లు పెట్టినట్టు పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి గీత కోస్తారు. 1.6 మి.మీ. బోర్డులో దాదాపు మూడో వంతు, అంటే అర మిల్లీమీటరు మధ్యలో మిగులుతుంది. తర్వాత ఆ గీత మీద విరుస్తారు. బోర్డుల మధ్య ఖాళీ అక్కర్లేదు, చవక. కానీ గీత నిటారుగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెళ్లాల్సిందే. వంపులు కుదరవు.

రెండోది ట్యాబ్ రూటింగ్. బోర్డు చుట్టూ 2 మి.మీ. సందు మిల్లింగ్ చేసి, అక్కడక్కడా చిన్న వంతెనలు వదులుతారు. ఆ వంతెన మీద పోస్టల్ స్టాంపు అంచులాగా వరుసగా బుల్లి రంధ్రాలు వేస్తే వాటిని మౌస్ బైట్స్ అంటారు. ఎలుక కొరికినట్టే ఉంటాయి మరి! ఫోన్ బోర్డులు బ్యాటరీని తప్పించుకుంటూ ఎల్ ఆకారంలోనో, ఇంకా వంకరగానో ఉంటాయి కాబట్టి వాటికి ఇదే దారి. అందులోనూ ఒక ట్రిక్ ఉంది: రెండు ఎల్‌లలో ఒకదాన్ని 180 డిగ్రీలు తిప్పి ఒకదానిలో ఒకటి ఇమిడిస్తే వేస్ట్ బాగా తగ్గుతుంది.

లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. నిమ్మతోటలో నేల తేమ కొలిచే సెన్సర్ ఒకటి మీరే డిజైన్ చేశారనుకుందాం. బోర్డు సైజు 45 × 30 మి.మీ. విదేశీ వెబ్‌సైట్లలో చవక రేటు సాధారణంగా 100 × 100 మి.మీ. లోపే దొరుకుతుంది. వీ-కట్ అయితే అడ్డంగా 2, నిలువుగా 3 పెడితే 90 × 90. రెండు పక్కలా 5 మి.మీ. పట్టీలు కలిపితే 100 × 90. ఆరు బోర్డులు అతికినట్టు సరిపోయాయి. అదే ట్యాబ్ రూటింగ్ అయితే బోర్డుల మధ్య సందులతో 92 × 94 అవుతుంది, పట్టీలు, వాటి పక్క సందులు కలిపితే వెడల్పు 106. లిమిట్ దాటిపోయింది.

అయితే వీ-కటే బెస్టా? తొందరపడకండి. మీ బోర్డులో యూఎస్‌బీ టైప్-సీ పోర్టు మూతి అంచు దాటి బయటికి ఉంటే అది పక్క బోర్డు మీదికి వెళ్లి కూర్చుంటుంది. అక్కడ సందు ఉండాల్సిందే. ప్యానెల్‌కు ఒక్కో సైటు ఒక్కోలా అదనపు చార్జీ వేస్తుంది, అది కూడా చూసుకుని లెక్కేయండి.

ఇక అసలు సంగతి. బోర్డు మీద గోధుమ రంగులో బియ్యపు నూక అంత ఉండేవి సిరామిక్ కెపాసిటర్లు. ఒక్కో ఫోన్‌లో వందల్లో ఉంటాయి. సిరామిక్ అంటే పింగాణీ లాంటిదే, వంగదు, పగులుతుంది. వీ-కట్ ప్యానెల్‌ను చేత్తో విరిచినప్పుడు బోర్డు ఒక్క క్షణం వంగుతుంది. గీత పక్కనే ఉన్న కెపాసిటర్ లోపల, సోల్డర్ చివర కింద సన్నటి పగులు వస్తుంది. పైకి ఏమీ కనపడదు. టెస్టింగ్‌లో పాస్ అయిపోతుంది. కొన్ని వారాలకో, నెలలకో ఆ పగుల్లోకి తేమ చేరి కరెంటు లీక్ అవుతుంది, ఆపై షార్ట్. అది బ్యాటరీ లైను మీద ఉంటే చార్జి ఊరికే అయిపోవడం, బోర్డు వేడెక్కడం, చివరికి డెడ్. "ఏమీ చేయలేదన్నా, రాత్రి బాగానే ఉంది" అంటూ రిపేర్ షాపుకొచ్చే కేసుల్లో ఇలాంటి పగుళ్లు కూడా ఉంటాయి. కింద పడేసినా ఇదే పగులు వస్తుంది కాబట్టి తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.

దీనికి మందు డిజైన్‌లోనే ఉంది. కెపాసిటర్ పొడవు వైపు కోత గీతకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పెడితే వంపు నేరుగా దాని రెండు చివరలనూ లాగుతుంది. వీలైతే గీత నుంచి 5 మి.మీ. దూరం పెట్టండి. మౌస్ బైట్స్ పక్కన కూడా ఇదే రూలు. విరవడం కూడా చేతులతో కాకుండా గుండ్రటి బ్లేడు ఉన్న కటర్‌తో చేస్తే నయం, రూటర్‌తో గానీ లేజర్‌తో గానీ కోస్తే ఇంకా మంచిది. రాగి ట్రాకులు కూడా వీ-కట్ గీతకు కనీసం అర మిల్లీమీటరు ఇవతలే ఆగాలి, లేదంటే కోతలో రాగి బయటపడుతుంది.

పట్టీల మీద రెండు విషయాలు ఉంటాయి. ఒకటి, పిన్నుతో నిలబెట్టడానికి రంధ్రాలు. రెండోది ఫిడ్యూషియల్స్, అంటే మెషీన్ కెమెరా చూసుకునే 1 మి.మీ. రాగి చుక్కలు. వాటి చుట్టూ గ్రీన్ మాస్క్ ఉండకూడదు. నాలుగు మూలల్లో మూడింట్లోనే పెట్టండి. అప్పుడు ఎవరైనా ప్యానెల్‌ను తిప్పి పెట్టినా మెషీన్ పట్టేస్తుంది.

ఆరింటిలో ఒక బోర్డు తయారీలోనే పాడైతే? దాని మీద గుర్తు పెట్టి పంపుతారు, దీన్ని ఎక్స్-అవుట్ అంటారు. మెషీన్ దాన్ని వదిలేసి మిగతా ఐదింటికీ పార్ట్స్ ఎక్కిస్తుంది. మీ ఆర్డర్‌లో ఎక్స్-అవుట్ ఒప్పుకుంటారో లేదో ముందే రాయండి.

ప్యానెల్ ఫైల్ చేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కైకాడ్ వాడేవాళ్లకు కికిట్ అనే ఉచిత టూల్ ఉంది. అడ్డ వరసలు, నిలువు వరసలు, సందు, వీ-కటా మౌస్ బైట్సా, పట్టీ వెడల్పు చెప్తే ప్యానెల్ తనే గీస్తుంది. బోర్డులో ఏదైనా మార్చినా మళ్లీ రన్ చేస్తే చాలు, చేత్తో కాపీ పేస్ట్ చేసే బాధ లేదు. ఒక్క మాట: పట్టీ ఎంత వెడల్పు కావాలి, ప్యానెల్ గరిష్ఠ సైజెంత అన్నది ఒక్కో అసెంబ్లీ యూనిట్‌లో ఒక్కోలా ఉంటుంది. గెర్బర్ ఫైళ్లు పంపాక కాదు, గీయక ముందే వాళ్లకు ఫోన్ చేసి అడగండి.