పశువుల మత్తుమందులును వాని కట్టడియు

మన చిత్తూరు సీమలో పాడియావు లేని పల్లె యరుదు. ఆవు గిట్టలో మేకు దిగినను, కొమ్ము విరిగినను, నలుగురు మగవారు దానిని త్రాళ్లతో బిగించి పడవేయుట మన తాతల నాటి పద్ధతి. నేడు పశువైద్యుడు సూదిమందు వేసిన కొద్ది నిమిషములకే ఆవు తల వాల్చి, చొంగ కార్చుచు, కదలక నిలుచును. ఇట్టి మందులలో ముఖ్యమైనది జైలజిన్. దీనిని 1962లో జర్మనీ దేశపు బేయర్ కంపెనీవారు కనుగొనిరి. మనుష్యుల రక్తపుపోటునకు పనికివచ్చునేమో యని పరీక్షించిరి గాని, పోటు మితిమీరి పడిపోవుటచే ఆ యత్నమును విడిచిరి. నాటినుండి యిది పశువుల మందుగనే యున్నది.

మనలను మేలుకొలిపి యుంచు నారడ్రినలిన్ అను ద్రవ్యము నాడులలో వెలువడకుండ ఈ మందు అడ్డుపడును. అందుచే నిద్రయు, కండరముల సడలింపును కలుగును. గుండెయు, ఊపిరియు మందగించును. ఇందొక వింత కలదు. బరువును బట్టి లెక్కించినచో గుఱ్ఱమునకు వేయు మోతాదులో ఇంచుమించు పదియవ వంతు ఆవునకు చాలును! నెమరువేయు పశువునకు కడుపుబ్బరము రావచ్చును. నిండుచూలి యావునకు దీనిని వేయుటకు వైద్యులు వెనుదీయుదురు. 1955లో తిరుపతిలో స్థాపింపబడి, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమున చేరిన కళాశాలలో విద్యార్థులు ఏండ్ల తరబడి నేర్చునవి యిట్టి సంగతులే.

ఇంత నేర్పుతో వాడవలసిన మందు అమెరికాలో వీథికెక్కినది. మొదట ప్యూర్టోరికో ద్వీపమునను, పిమ్మట ఫిలడెల్ఫియా నగరమునను, అక్రమ వ్యాపారులు దీనిని ఫెంటనిల్ అను తీవ్రమైన మత్తుమందులో కలిపిరి. వాడువారి చర్మముపై మానని పుండ్లు పుట్టెను. ఫెంటనిల్ విషమునకు విరుగుడైన నలాక్సోన్ జైలజిన్‌పై పనిచేయదు. పశువులకు యోహింబిన్ వంటి విరుగుళ్లు కలవు గాని, ఈ విషమునకై వానిని మనుష్యులకు వాడుట ఆమోదింపబడలేదు. 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వము ఈ కలయికను దేశమునకు కొత్తగా పొడచూపిన ముప్పుగా ప్రకటించెను. చట్టము బిగింపవలెనన్న మాట రాగానే అచటి పశువైద్యులు, తమ చేతి మందు తమకే దొరకకుండునేమో యని భయపడిరి.

ఇది దూరదేశపు కథ యని కొట్టివేయరాదు. మన తెలుగునాట దీనికి అన్న యనదగిన కథ కలదు. 1832లో లీబిగ్ తయారుచేసిన క్లోరల్ హైడ్రేట్‌ను 1869 నుండి వైద్యులు నిద్రమందుగా వాడిరి. పశువైద్యులు గుఱ్ఱములకును, పశువులకును చిరకాలము వాడిరి. తెలంగాణములో దీనిని కొందరు కల్లులో కలిపిరి. చెట్టు కల్లు చాలనప్పుడు నీరు, శాకరిన్, ఈ మందు కలిపినచో కల్లు తయారు! అలవాటుపడినవారు ఒక్కసారిగ మానినచో మూర్ఛలు, భ్రమలు కలుగును. ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు అట్టివారిని పెక్కుమార్లు తెచ్చిరి. ఒకదానిపై నిఘా పెరుగగా డయజిపామ్, ఆల్ప్రజోలామ్ అను మనుష్యుల మందులు కల్లుకుండలో చేరెను. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

మరి కట్టడి యెట్లు? పశువులకు మాత్రమే చేసిన మందు సీసాపై ఆ సంగతిని వ్రాసి, పెంపుడు జంతువు తల బొమ్మను వేయవలెనని మన నిబంధనలు చెప్పుచున్నవి. అది మంచిదే గాని, కల్లుకుండపై చీటీ యుండదు గదా. కెటమిన్ విషయమున మన దేశము ఇంకను ముందుకు పోయెను. దానిని 2013లో షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చిరి. అందుచే వైద్యుని చీటీ రెండు ప్రతులుగా నుండవలెను. అంగడివాడు ఒక ప్రతిని రెండేండ్లు దాచవలెను. మందు తాళములో నుండవలెను. 2015లో ఐక్యరాజ్యసమితి సంఘమున దీనిపై అంతర్జాతీయపు కట్టడి ప్రతిపాదింపబడగా, బీదదేశముల శస్త్రచికిత్సలకు దెబ్బయని ప్రపంచారోగ్య సంస్థ అడ్డుచెప్పెను. నాకు ఆ సంస్థ మాటయే సబబుగ తోచుచున్నది.

ఏలయన, మందు ఎచట కారుచున్నదో చూచి ఆ చిల్లును మూయవలెను. క్లోరల్ డి.డి.టి. తయారీకిని ముడిసరకు, రసాయన కర్మాగారమునుండి పీపాలలో తరలు సరకును పల్లెవైద్యుని సంచి వెదకి పట్టుకొనుట యెట్లు? తాళము, లెక్కల పుస్తకము కర్మాగారమునకును, టోకు వర్తకునికిని ముందుగ కావలెను. పలమనేరు, కుప్పము ప్రాంతములలో ఏనుగు పొలమున దిగినప్పుడును, నడిరేయి ఆవు ప్రాణాపాయమున నున్నప్పుడును, అనుమతి పత్రమునకై చిత్తూరునకు మనిషిని పంపు వ్యవధి యుండదు. అట్లని వైద్యునికి లెక్క వలదనుట లేదు. ఏ పశువునకు ఎంత వేసెనో వ్రాసికొనుట అర నిమిషపు పని.

రైతు గృహస్థులు చేయవలసినదియు నొకటి కలదు. వైద్యుడు వెళ్లునప్పుడు సగము మిగిలిన సీసా గూటిలో నుండిపోకుండ, ఆయన చేతికే యిచ్చి పంపవలెను.