కనుబొమ్మల రంగు కుదరకపోతే
మైక్రోబ్లేడింగ్‌లో సన్నని సూదుల వరసతో చర్మం పైపొరల్లోకి రంగు దింపుతారు. మొదటి వారం కనుబొమ్మలు కాటుక దిద్దినంత నల్లగా ఉంటాయి. పక్కులు రాలాక వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అసలు రంగు తేలేది 4 నుంచి 6 వారాలకు. అందాకా బాగాలేదని తేల్చేయడం తొందరపాటే. శ్రీకాకుళం, విజయనగరం తీరాల ఉక్కపోతలో చెమటే పెద్ద చిక్కు. చర్మం మానేదాకా ఎండకు, తడికి దూరంగా ఉండాలి, పక్కులు గిల్లకూడదు. రంగు లేతబడితే టచప్‌తో సరిచేయవచ్చు. ఆకారమే వంకరపోతే మాత్రం పైన మళ్లీ గీయించడం కన్నా పెన్సిల్‌తో కప్పుకుంటూ ఆగడం మేలు; ఏడాది, రెండేళ్లలో చాలావరకు వెలుస్తుంది. రంగు తీయించుకోవాలన్నా పార్లర్లో లేజర్ వద్దేవద్దు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగులు లేజర్ తగిలితే ఒక్కోసారి మరింత నల్లబడతాయి. నెల్లిమర్ల మిమ్స్ వంటి బోధనాసుపత్రుల్లో చర్మవైద్యులను అడగవచ్చు. చీము, జ్వరం కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.