బంద్‌కూ బుల్డోజర్‌కూ ఒకటే కొలత

బంద్ రోజున బజారులో షట్టర్లు దించేవాళ్లలో ఆ డిమాండ్ న్యాయమని నమ్మినవాళ్లెందరో, రాయి వచ్చి పడుతుందని జడిసినవాళ్లెందరో తేల్చడం కష్టం. కేరళ హైకోర్టు ఫుల్ బెంచ్ 1997లో ఈ భయాన్నే పట్టుకుంది. బంద్ పిలుపులోనే బెదిరింపు ఇమిడి ఉందని, అది రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అదే ఏడాది సుప్రీంకోర్టూ ఆ తీర్పును సమర్థించింది. బంద్‌లు ఆగలేదనుకోండి, అది వేరే సంగతి. లిబర్టేరియన్లనే స్వేచ్ఛావాదులు ఆ తీర్పును మెచ్చుకుంటారు. అయితే నిరసనకారులంటే వాళ్లకు గిట్టదనుకుంటే పొరపాటే. మనిషికి తన ఒంటిమీద, తన కష్టార్జితం మీద ఉన్న హక్కే మిగతా హక్కులన్నిటికీ పునాది అన్నది వాళ్ల వాదం. మాట్లాడే స్వేచ్ఛ ఆస్తి హక్కు నుంచి విడిగా ఉండదని అమెరికన్ ఆర్థికవేత్త ముర్రే రోత్‌బార్డ్ వాదించాడు. సభకు హాలు కావాలి, పత్రికకు ప్రెస్సూ కాగితమూ కావాలి. అవన్నీ సర్కారు చేతిలోనే ఉంటే, రాజ్యాంగం ఎంత గొప్పగా హామీ ఇచ్చినా విమర్శకుడి నోరు తెరుచుకునేది అధికారి సంతకంతోనే.

ఈ కొలతతోనే బుల్డోజర్‌ను చూడాలి. 2022 జూన్‌లో ప్రయాగ్‌రాజ్‌లో నిరసనలు హింసకు దారితీశాక, నిందితుడిగా పోలీసులు పేర్కొన్న ఒకరి కుటుంబం ఉంటున్న ఇంటిని కూల్చేశారు. అది అక్రమ కట్టడమన్నారు అధికారులు. కావచ్చు. కానీ ఏళ్లుగా కనిపించని అక్రమం అల్లర్ల మర్నాడే కనిపిస్తే అనుమానించక తప్పదు. రాయి విసిరినవాడికి శిక్ష పడాల్సిందే, నష్టపోయిన దుకాణదారుడికి పరిహారం అందాల్సిందే. ఎవరు విసిరారో తేల్చేది మాత్రం కోర్టు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది: నిందితుడైనంత మాత్రాన ఇల్లు కూల్చకూడదు, కూల్చేముందు కనీసం 15 రోజుల నోటీసివ్వాలి, నిబంధనలు మీరిన అధికారి తన జేబులోంచి మూల్యం చెల్లించాలి. షట్టర్ దించమని బెదిరించే కార్యకర్త, గోడ కూల్చమని సంతకం పెట్టే అధికారి చేసేది ఒకే తప్పు. రెండోవాడి వెనుక ప్రభుత్వ బలగం ఉంది కాబట్టి వాడే ఎక్కువ ప్రమాదకారి.

ఆస్తి ఉన్నవాడికే ఈ సిద్ధాంతం పనికొస్తుందని, లేనివాడి గతేమిటని వెంటనే ఎదురుప్రశ్న వస్తుంది. తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు మన ఎన్.జి. రంగా దానికి తొలి అధ్యక్షుడయ్యారు. జమీందార్ల, షావుకార్ల పార్టీ అని దాన్ని ఎద్దేవా చేసినవాళ్లు చాలామందే. కానీ రైతు ఉద్యమాల్లో తలపండిన రంగా భయం ఉమ్మడి సాగు పేరుతో చిన్న రైతు కమతం చేజారుతుందని. 1978లో 44వ రాజ్యాంగ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసి, 300-ఎ అధికరణం కింద చట్టబద్ధ హక్కుగా మిగిల్చింది. ఆ హక్కు బలహీనపడితే ముందు దెబ్బతినేది చిన్నవాడే: భూసేకరణ నోటీసు వచ్చినప్పుడు పెద్ద ఆసామి పెద్ద లాయర్‌ను పెట్టుకోగలడు, ఎకరం రైతుకు చట్టమిచ్చే రక్షణ తప్ప మరో అండ లేదు. 2024 తీర్పులోనూ ఈ తేడా కనిపిస్తుంది: రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క అక్రమ కట్టడాలకు ఆ నోటీసు నియమం వర్తించదు. పట్టా లేని పేదవాడి గుడిసె ఉండేది చాలావరకు అక్కడే.

ఇక రోడ్డు దగ్గరే లిబర్టేరియన్ల వాదం తడబడుతుంది. నిరసనకారుడు నిలబడే నేలకు యజమాని ప్రభుత్వమే, నిరసన కూడా ఆ ప్రభుత్వం మీదే. ఢిల్లీ షాహీన్ బాగ్‌లో రోడ్డు మీద సాగిన ధర్నా వ్యవహారంలో 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, దారిని నిరవధికంగా ఆక్రమించరాదని, నిరసనలు కేటాయించిన చోటనే జరగాలని చెప్పింది. దారిన పోయేవాళ్ల హక్కు దృష్ట్యా మొదటి మాట సబబే. కేటాయించేది ఎవరన్నది ఇబ్బంది. రోడ్లను కూడా ప్రైవేటుకు అప్పగిస్తే సరి అంటారు కొందరు లిబర్టేరియన్లు. కానీ అమెరికాలోని అలబామాలో ఒక కంపెనీ సొంత పట్టణంలో మత కరపత్రాలు పంచిన మహిళను అరెస్టు చేశారు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షానే నిలిచింది, యజమాని కంపెనీ అయినా ఊరు ఊరేనంది. యజమాని మారినంత మాత్రాన అనుమతి అడగాల్సిన అగత్యం పోదు. అంతకంటే, అందరి డబ్బుతో వేసిన రోడ్డు మీద ఊరేగింపుకు దరఖాస్తు అందగానే చోటు, సమయం మాత్రమే నిర్ణయించి, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని పోలీసులను చట్టంతో కట్టడి చేయడం మేలు.