కోరికను కాలెండరు మీద పెట్టండి

“ఈ ఏడైనా పాడి మీద నాలుగు డబ్బులు మిగలాలి” అనుకోని సభ్యుడుండడు. వానలు తక్కువైన ఎర్రగుంట్ల వంటి చోట ఆ కోరికను చెడగొట్టేది వట్టిపోయిన ఎనుము. పాలివ్వకపోయినా అది చొప్ప తినక మానదు. కనుక “డబ్బు మిగలాలి” అనే కోరికను “ఈనిన మూడు నెలల్లో ఎనుము చూడి కట్టాలి” అనే పనిగా మార్చుకోమంటున్నాము.

ఈనిన తేదీని కాలెండరు మీద గుర్తు పెట్టండి. రెండు నెలలు నిండినప్పటి నుంచి ఉదయం, రాత్రి ఎదను గమనించండి. ఎండాకాలంలో ఎనుములు అరవకుండానే, ఎక్కువగా రాత్రివేళ, ఎదకు వస్తాయి. జిగట తీగలు, మాటిమాటికీ మూత్రం పోయడం ఆనవాళ్లు. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి పొద్దున కృత్రిమ గర్భధారణ సూది వేయించండి. ఒక్క ఎద తప్పితే 21 రోజుల మేత దండుగ. మూడు నెలలకు చూడి పరీక్ష చేయించండి. చూడి కాలం సుమారు 310 రోజులు. చివరి రెండు నెలలు పాలు పిండకండి. ఇలా చేస్తే 13 నెలలకొక ఈత.

1946లో గుజరాతులోని ఖేడా రైతులు మంచి ధర కోరుకుని ఊరుకోలేదు. 15 రోజులు పాలు అమ్మడం మాని, సొంత సంఘం పెట్టుకున్నారు. మనమూ ఈ పూటే తేదీ రాసుకుందాము.